చేదు అద్దిన గులాబీ రంగు

పింక్ జిన్ అనగానే ఇవాళ చాలామందికి స్ట్రాబెరీ వాసన వేసే తియ్యటి సీసా గుర్తొస్తుంది. అసలు పింక్ జిన్‌లో పండు ఊసే లేదు. ఒక సైనిక వైద్యుడు కడుపు జబ్బులకు తయారుచేసిన చేదు మందు నాలుగు చుక్కలు తెల్లని జిన్‌లో పడితే వచ్చిన రంగు అది. ఆ రంగు వెనక ఉన్న పనితనం తెలిస్తేనే, ప్రీమియం అని రాసి ఉన్న సీసాకు ఆ ధర తగునో తగదో చెప్పగలం.

ఆ వైద్యుడు యోహాన్ సీగర్ట్. 1796లో సైలీషియాలో పుట్టాడు. వాటర్లూ యుద్ధకాలంలో ప్రష్యా సేనలో వైద్యుడిగా పనిచేసి, 1820లో సముద్రం దాటి వెనిజులా చేరాడు. అక్కడ స్పెయిన్ మీద తిరగబడ్డ సీమోన్ బొలీవార్ పక్షాన చేరి, ఒరినోకో నది ఒడ్డున అంగోస్టురా పట్టణంలో సైనిక ఆసుపత్రి బాధ్యత తీసుకున్నాడు. జ్వరాలతో, అజీర్తితో మంచం పట్టిన సైనికుల కోసం నాలుగేళ్లు వేళ్లనూ మూలికలనూ పరీక్షించి 1824లో ఒక చేదు ద్రావకం సిద్ధం చేశాడు. మన ఇళ్లలో జ్వరానికి పట్టించే నేలవేము కషాయంలాగే దాని బలమంతా చేదులోనే ఉంది. ఆ చేదు జెన్షియన్ అనే కొండమొక్క వేరుది. అయితే ఇది నీళ్లలో కాచిన కషాయం కాదు. గాఢమైన ఆల్కహాల్‌లో ఊరిన సారం. వేరులోని చేదూ, సుగంధ ద్రవ్యాల పరిమళమూ ఆల్కహాల్‌లోకి చక్కగా దిగుతాయి, ఏళ్ల తరబడి చెడిపోవు.

చెడిపోని ఆ గుణమే వ్యాపారానికి దారి తీసింది. అంగోస్టురా రేవు పట్టణం. వచ్చిపోయే ఓడల నావికులు సముద్రపు వికారానికి ఈ మందు కొనుక్కుని వెంట తీసుకెళ్లేవారు, దాని పేరు రేవు రేవుకూ పాకింది. 1846లో ఆ ఊరికి సియుదాద్ బొలీవార్ అని కొత్త పేరు పెట్టినా, సీసా మీద పాత పేరే నిలిచింది. 1870లో సీగర్ట్ చనిపోయాక, వెనిజులాలో కల్లోలం తట్టుకోలేక కొడుకులు 1875లో వ్యాపారాన్ని ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు మార్చారు. అంగోస్టురా బిట్టర్స్ అని పేరుపడ్డ ఆ చేదు మందు ఇప్పటికీ తయారయ్యేది అక్కడే. పూర్తి పాళ్లు కొద్దిమందికి తప్ప తెలియవు. సీసాకంటే పెద్దదైన కాగితం మెడదాకా చుట్టుకుని ఉంటుంది. మొదట్లో కొలత తప్పి అలా అయిందని చెప్పుకుంటారు. కారణమేదైనా, దాన్ని సరిదిద్దకుండా గుర్తుగా నిలుపుకోవడం గొప్ప వ్యాపార దక్షత అని నా అభిప్రాయం.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నౌకాదళపు రేవు. అక్కడి బ్లాక్ ఫ్రయర్స్ బట్టీలో 1793 నుంచీ జిన్ తయారవుతోంది. బ్రిటిష్ ఓడల్లో మామూలు నావికులకు రోజూ రమ్ పోసేవారు. అధికారులు తాగేది జిన్. వారి చేతిలోనే బిట్టర్స్ జిన్‌తో కలిసింది. పద్ధతి చాలా చిన్నది. గ్లాసులో నాలుగు చుక్కలు వేసి, అడుగూ గోడలూ తడిసేలా తిప్పుతారు. మిగిలింది ఉంచమంటారా, విదిలించి పారబోయమంటారా అని తాగేవారిని అడుగుతారు. ఆపైన జిన్ పోసి, కావాలంటే కాసిని చల్లని నీళ్లు కలుపుతారు. ఇంత నిరాడంబరమైన పానీయంలో నాసి జిన్ దాక్కోలేదు. చేదు కొన్ని చుక్కలే కాబట్టి లోపాలన్నీ నాలుకకు తెలిసిపోతాయి.

అందుకే జిన్ తయారీ సంగతి తెలియాలి. ధాన్యం నుంచి తీసిన, రుచీ వాసనా లేని ఆల్కహాల్‌లో జునిపర్ కాయలు ఊరబెడతారు. ఆయుర్వేదం హపుష అనేది ఈ జాతినే. జునిపర్ తర్వాత పెద్దపీట మన ధనియాలది. నిమ్మవాసన కలిసిన ఆ కారపు పరిమళం లేకపోతే చాలా జిన్‌లు చప్పగా ఉంటాయి. ఏంజెలికా వేరు, ఓరిస్ వేరు, నారింజ, నిమ్మ తొక్కలు కూడా పడతాయి. అన్నిటినీ రాగి బానలో కాస్తారు. ఘాటైన గంధక వాసనలను రాగి పట్టేసుకుంటుంది. మొదట దిగే ధార ముక్కుకు గుచ్చుకుంటుంది, చివరిది బరువుగా, మడ్డిగా ఉంటుంది. నడుమ దిగేదే సీసాకెక్కుతుంది. ఎక్కడ కోయాలో చెప్పేది పనివాడి ముక్కే. ఈ కోతలో పిసినారితనం చేసిన జిన్‌ను ఏ రంగూ బాగుచేయలేదు.

రంగు బట్టీ దాటి రాదు. ఆవిరితో పైకెక్కేది పరిమళమే, వర్ణం అడుగునే మిగిలిపోతుంది. అందుకే గులాబీ రంగు ఎప్పుడూ కాచాక కలిపేదే. యూరప్ నిబంధనల ప్రకారం లండన్ జిన్‌కు రంగు వేయకూడదు, తీపి లీటరుకు 0.1 గ్రాము మించకూడదు. కాబట్టి రంగు వేసిన పింక్ జిన్ ఏదీ లండన్ జిన్ కాలేదు. 2017లో గోర్డన్స్ రాస్ప్‌బెరీ, స్ట్రాబెరీ, రెడ్‌కరంట్ రుచులతో తెచ్చిన పింక్ జిన్ బజారును మార్చేసింది. దానికి జనం ఉన్నారు. కానీ తీపి పెరిగే కొద్దీ జునిపర్ గొంతు తగ్గుతుంది.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తర కొసన హస్క్ డిస్టిలర్స్ స్థాపించిన పాల్ మెసెంజర్ వేరే దారి పట్టాడు. భూగర్భశాస్త్రం చదివిన ఆయన చెరకు తోటలో రమ్ కాయడం మొదలుపెట్టాడు. అక్కడి చట్టం ప్రకారం రమ్ రెండేళ్లయినా చెక్కపీపాలో ఉండాలి. జిన్‌కు ఆ నిరీక్షణ లేదు. 2015లో వచ్చిన ఆయన ఇంక్ జిన్ నీలంగా ఉంటుంది. ఆ నీలం శంఖుపుష్పానిది. మన కంచెల మీద పాకి, శివపూజకు కోసుకునే ఆ పువ్వే. కాచిన తర్వాత రేకులను ఊరబెడతారు. పులుపు తగిలితే ఆ వర్ణద్రవ్యం మారిపోతుంది కనుక, టానిక్ గానీ నిమ్మరసం గానీ పోయగానే నీలం గులాబీ అవుతుంది. పువ్వుకు రుచి పెద్దగా లేదు, అందువల్ల జునిపర్‌కు అడ్డు రాదు. రంగు కోసం తీపిని తెచ్చిపెట్టుకోకపోవడం నాకు బాగా నచ్చిన సంగతి.

ఖరీదైన పింక్ జిన్ సీసా చేతికొస్తే టానిక్ పక్కన పెట్టి, చెంచాడు చల్లని నీళ్లు మాత్రం కలిపి వాసన చూడండి. జునిపర్, దాని వెనకే ధనియాలు తెలియాలి. పండ్ల వాసన ఒక్కటే వస్తే, మీరు డబ్బు పెట్టింది రంగుకు.