బడి తాళం ఎవరి దగ్గరుంది?

తుపాను కోస్తా వాళ్ల బాధ అనుకుంటాం, నల్లగొండ, పాలమూరు వాళ్లం. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు. మనకు అవి లేవు. ఆపదొస్తే ఊరి బడే దిక్కు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మన పాలమూరు వైపు రాజోలిని ముంచింది. ఆ ఒడ్డు ఊళ్ల జనం తలదాచుకున్న ఒక బడిలో వసతి చూసేవాళ్లతో నేనూ ఉన్నాను. అన్నానికి కొదవ రాలేదు. పులిహోర పొట్లాలు ట్రాక్టర్ల మీద వచ్చి పడేవి. తినగా మిగిలినవి రాత్రికి పాడైపోయేవి. కొరతంతా వాడుకనీళ్లకే. కరెంటు లేక బోరు నడవదు. మరుగుదొడ్లు రెండే, వాటికీ గడియల్లేవు. ఆడవాళ్లు చీకటి పడేదాకా ఉగ్గబట్టుకునేవాళ్లు. ఒక బాలింతకు పాలు పడటం లేదంటే ఆరా తీశాం. బయటికి పోవాల్సి వస్తుందని పొద్దుటి నుంచి ఆమె గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. ఆ సాయంత్రమే, ఇక బియ్యం వద్దు, నీళ్ల డ్రమ్ములు, బకెట్లు, ఒక జనరేటరు పంపండని కబురు పెట్టాం. తలుపులకు గడియలు బిగించి, ఆ దారిలో ఒక బల్బు వేలాడదీశాక గానీ ఆమె కడుపునిండా నీళ్లు తాగలేదు.

అసలు రానివాళ్ల సంగతి వేరు. "గొర్లను ఇడిసిపెట్టి యాడికొస్తం సారూ" అన్నాడొక పెద్దాయన. ఆయన మాటలో తప్పేముంది? మందకు చోటు చూపకుండా మనిషిని రమ్మంటే రాడు. నేతగాళ్లు వచ్చినా, తెల్లారగానే గుంట మగ్గాల్లోని బురద తోడుకోవడానికి వెళ్లిపోయేవాళ్లు. పగలు తలలు లెక్కపెట్టిన అధికారికి బడి సగం ఖాళీగా కనిపించేది. పునరావాస కేంద్రంలో హాజరు రాత్రి భోజనాలయ్యాకే వేయాలి.

బడి ఎక్కడుందన్నదీ ముఖ్యమే. 2025 అక్టోబరులో మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటిన మర్నాడు, దేవరకొండ దగ్గర కొమ్మేపల్లి గిరిజన గురుకులాన్నే వరద చుట్టుముట్టింది. పిల్లలను అక్కడి నుంచి బయటికి తేవాల్సి వచ్చింది. పల్లంలో ఉన్న బడిని పునరావాస కేంద్రాల జాబితాలో రాసుకుని ఏం లాభం?

మృగశిర కార్తె రాకముందే మీ ఊరి బడికి ఒకసారి వెళ్లండి. మరుగుదొడ్లకు గడియలున్నాయో లేదో, కరెంటు పోతే నీళ్లెలా వస్తాయో, పశువులను ఎక్కడ కట్టేస్తారో, అర్ధరాత్రి తాళం ఎవరు తీస్తారో అడగండి. జవాబు దొరక్కపోతే ఇవే ప్రశ్నలు గ్రామసభలో లేవనెత్తండి.