సంతకంలో పరుగు

మా నస్పూర్‌లో ఐపీఎల్ కార్డులు పోగేసే పిల్లల నాన్నలు ఒకప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్ కార్డులు దాచుకున్నవాళ్లే. ఇప్పుడు ఫోన్‌లో ఫలానా ఆటగాడి సంతకమున్న కార్డు అమ్మకానికి కనబడితే, కొనాలా వద్దా అని నన్ను అడుగుతారు. ధర సంగతి తర్వాత. ముందు కార్డు చేతికి రావాలి, దాన్ని లైటు కింద ఏటవాలుగా పట్టుకొని చూడాలి.

అట్ట నిగనిగ వేరు, దాని మీద సిరా మెరుపు వేరు. రెండూ ఒక్కటిగా కలిసిపోతే అది అచ్చులో వచ్చిన సంతకమే. భూతద్దం కింద చాలా అచ్చు సంతకాలు చుక్కలుగా విడిపోతాయి. అచ్చు సంతకం ఉన్నంత మాత్రాన కార్డు చవక అనుకోవద్దు. 2022లో 1 కోటీ 26 లక్షల డాలర్లు పలికిన 1952 నాటి మిక్కీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు మీద ఉన్నదీ అచ్చు సంతకమే. ఆ ధర కార్డు అరుదుతనానికి, చెక్కుచెదరని మూలలకు.

చేత్తో చేసిన దొంగ సంతకాన్ని పట్టడమే అసలు కష్టం. జీతాల రిజిస్టర్‌లో ఏళ్ల తరబడి సంతకం పెట్టిన బాయి కార్మికుడు అక్షరాలు చూసుకుంటూ రాయడు, చెయ్యి దానంతటదే పోతుంది. ఆటగాడిదీ అంతే. గీత పరుగెత్తుతుంది, చివర సన్నబడి గాలిలోకి లేస్తుంది. చూసి దించేవాడి గీత మొదలూ చివరా మొద్దుగా ఉంటుంది, మధ్యలో వణుకుతుంది, కలం ఆగినచోట సిరా ముద్ద కడుతుంది. నేను అక్షరాల పోలిక కన్నా ఈ వేగాన్నే నమ్ముతాను. పోలికంటారా, కొత్తలో పేరంతా రాసిన ఆటగాడే అభిమానులు ఎగబడే రోజుల్లో రెండు మెలికలతో సరిపెడతాడు.

కాలం కూడా సాక్షి. భారత తొలి టెస్ట్ కెప్టెన్, నాగపూర్ తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు 1932లో లార్డ్స్‌లో ఆడారు. ఆ పర్యటనలోనే పెట్టించుకున్న సంతకమని చెప్పి బాల్‌పెన్ గీత చూపిస్తే అక్కడే ఆపేయాలి. బాల్‌పెన్లు బజారులోకి విరివిగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.

"సర్టిఫికెట్ ఉంది కదన్నా" అంటారు. దొంగ సంతకం పెట్టగలిగినవాడికి కాగితం ఒక లెక్కా? 1990లలో అమెరికాలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో ఒక దొంగ సంతకాల ముఠాను పట్టుకుంది. అందులో మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి! సర్టిఫికెట్ నంబరును ఇచ్చిన సంస్థ దగ్గరే సరిచూసుకోవాలి.

అసలుదని తేలాకే ధర మాట. స్టిక్కర్ మీద సంతకం చేయించి అతికించిన కార్డు కన్నా నేరుగా అట్ట మీద పెట్టినదానికే గిరాకీ ఎక్కువ. వి.వి.ఎస్. లక్ష్మణ్ తన సంతకం పక్కన స్వయంగా 281 అని తన స్కోరు వేసిన కార్డు ఉంటే, 2001 ఈడెన్ గార్డెన్స్ టెస్ట్‌లో ఆ ఇన్నింగ్స్ చూసినవాళ్లు రెండో మాట లేకుండా కొంటారు.

మీకెవరైనా ఆటగాడు ఎదురుగా సంతకం చేస్తే ఫొటో తీసి, తేదీ, ఊరు చీటీ మీద రాసి దాచండి. కార్డును ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఎండ తగలకుండా చూడండి. పదో తరగతి మెమోలాగా లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి అతుక్కున్న పొర మళ్లీ ఊడదు, సిరాను పరీక్షించే దారీ ఉండదు.