తాను రాయకుండా వదిలేసిన కోడ్

1996 నాటి లైనక్స్ కంప్యూటర్‌లో పేజీని కిందికి జరపడమే ఒక పరీక్ష. ఎథీనా అనే విడ్జెట్ల (బటన్లు, స్క్రోల్‌బార్ల) సెట్‌తో రాసిన ప్రోగ్రామ్ అయితే స్క్రోల్‌బార్ మీద ఎడమ బటన్ నొక్కితే కిందికి, కుడి బటన్ నొక్కితే పైకి. పట్టుకుని లాగాలంటే మధ్య బటన్. పక్కనే తెరిచిన, మోటిఫ్ అనే మరో సెట్‌తో రాసిన ప్రోగ్రామ్‌లో ఈ లెక్క చెల్లదు. విడివిడిగా చూస్తే మంచి ప్రోగ్రాములే, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదంతే.

ఆ ఏడాది అక్టోబరు 14న మథియాస్ ఎట్రిష్ అనే జర్మన్ విద్యార్థి కేడీఈ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టును ప్రకటించాడు. లిక్స్ అనే డాక్యుమెంట్ ఎడిటర్ రాసి అప్పటికే చేయి తిరిగినవాడు. మెయిల్ చదవడం, ఫైళ్లు చెరపడం, బొమ్మలు చూడడం లాంటి రోజువారీ పనులన్నీ ఒకే తీరుగా సాగాలన్నాడు. ఇలాంటి కోరిక ఎవరికైనా ఉంటుంది. డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాసి బతికే నన్ను ఆకట్టుకునేది, అతను తాను రాయకుండా వదిలేసిన భాగం.

బటన్లు, మెనూలు గీసే కోడ్ జోలికే పోలేదు. నార్వేలోని ట్రోల్‌టెక్ అనే చిన్న కంపెనీ తయారుచేసిన క్యూట్‌ను తీసుకున్నాడు. అందులో సిగ్నల్, స్లాట్ అనే పద్ధతి ఉంది. బటన్ తనను నొక్కారన్న కబురు మాత్రం వదులుతుంది. అది ఎవరికి చేరుతుందో దానికి తెలియదు, తెలియనక్కర్లేదు. ముక్కూమొహం తెలియని జనం తలా ఒక భాగం రాసే ప్రాజెక్టుకు ఇంతకన్నా కలిసొచ్చే అమరిక నేను చూడలేదు.

తంటా అంతా లైసెన్సుతో. క్యూట్ కోడ్ చదవచ్చు, మార్చి పంచడానికి వీల్లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు మండిపడ్డారు. 1997లో మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మెనా పోటీగా గ్నోమ్ మొదలుపెట్టారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కేడీఈ మాత్రం క్యూట్‌ను వదల్లేదు, 1998లో ట్రోల్‌టెక్‌తో కలిసి ఒక ఫౌండేషన్ పెట్టింది. కంపెనీ ఉచిత విడుదలలు ఆపేస్తే ఆ కోడ్‌ను బీఎస్‌డీ లైసెన్సు కింద వదిలే హక్కు ఫౌండేషన్‌ది. 2000లో క్యూట్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికీ వచ్చింది. ఆ తర్వాత క్యూట్ నోకియా, డిజియా కంపెనీల చేతుల్లోకి వెళ్లినా ఒప్పందం చెక్కుచెదరలేదు. ఆర్కిటెక్చర్ పాఠాల్లో ఇలాంటి కాగితాల ఊసుండదు, ఉండాలంటాను.

చదువయ్యాక ఎట్రిష్ ఓస్లో వెళ్లి ట్రోల్‌టెక్‌లోనే ఉద్యోగంలో చేరాడు. 2009లో జర్మనీ అతనికి ఫెడరల్ క్రాస్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది.

ఇప్పుడు నా క్లయింట్లు డెస్క్‌టాప్ అప్లికేషన్ అనగానే ఎలక్ట్రాన్‌లో చెయ్యమంటారు. అంటే నోట్స్ రాసుకునే చిన్న ప్రోగ్రామ్‌కు కూడా క్రోమియం బ్రౌజర్‌ను మొత్తంగా జతచేసి ఇవ్వాలి. గొణుక్కుంటూనే చేసిస్తాను. ఆ క్రోమియంలో పేజీ గీసేది బ్లింక్. అది 2013లో వెబ్‌కిట్ నుంచి చీలింది. వెబ్‌కిట్‌కు మూలం, కేడీఈ వాళ్లు తమ కాంకరర్ బ్రౌజర్ కోసం రాసుకున్న కేహెచ్‌టీఎంఎల్. 2003లో సఫారీని బయటపెట్టినప్పుడు, లక్షా నలభై వేల లైన్లలోపే ఉంది కాబట్టి ఆ కోడ్‌ను ఎంచుకున్నామని యాపిల్ వాళ్లే కేడీఈకి రాశారు. అందుకే ఎలక్ట్రాన్ వద్దని క్లయింటుతో వాదించేటప్పుడు అది తినేసే మెమరీ గురించే మాట్లాడతాను, దాని పుట్టుపూర్వోత్తరాల జోలికి పోను.