కొండకు ఒక్కర్తినే

తూర్పు కనుమా, నీకు దండం. కొళాయి తిప్పగానే వచ్చే నీళ్ళు ఎక్కడ పుట్టాయో అడగకుండా విశాఖపట్నంలో పెరిగినదాన్ని, రెండు చేతులూ ఎత్తి పెడుతున్న దండం. గోస్తని నీ అనంతగిరి కొండల్లో పుట్టింది. బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, మా ఊరి దాహానికి తన వంతు ఇచ్చి, మిగిలినదంతా భీమిలి దగ్గర సముద్రంలో పోస్తుంది. నీళ్ళు పంపేది నువ్వు. కాఫీ పంపేది నువ్వు. అల్లం, పసుపు, చింతపండు, పనసకాయలు, తేనె, ఇల్లు ఊడ్చుకునే కొండచీపుళ్ళు, పెళ్ళి పంక్తుల్లో పరిచే అడ్డాకులు, అన్నీ నీ మీద నుంచి దిగి వచ్చినవే. మేం మాత్రం చేతులూపుకుంటూ పైకి వస్తాం.

కార్తీకం వచ్చిందంటే ఇంట్లో నాకు కాళ్ళు నిలవవు. ఆ రోజుల్లో నీ దగ్గరికి బస్సులు కట్టించుకుని వనభోజనాలకు వస్తారు. నేను ఒక్కర్తినే వస్తాను. అప్పిచ్చినవాళ్ళ గుమ్మంలోకి ఎవరూ బలగంతో వెళ్ళరు కదా.

ఉదయం ఏడు కాకముందే విశాఖలో కిరండూల్ వెళ్ళే రైలు బండి కదులుతుంది. 2017 నుంచి ఈ దారిలో అద్దాల పైకప్పున్న పెట్టె కూడా నడుస్తోంది, పిల్లలు దాన్ని చూసి మురిసిపోతారు. నాకు మాత్రం ఊచల కిటికీ ఉన్న మామూలు పెట్టే కావాలి. నువ్వు దగ్గరవుతున్నావన్న కబురు ముందు ముక్కుకు అందుతుంది, దానికి గాలి తగలాలి. పెందుర్తి దాటాక కోతకొచ్చిన వరి వాసన, కొత్తవలస తర్వాత మామిడి తోటలు, జీడి తోటలు, మంచుకు తడిసిన మట్టి. శృంగవరపుకోటలో జామకాయల గంపతో ఎక్కిన ముసలమ్మ నా పక్కనే చతికిలబడింది.

"ఒక్కర్తివే ఎల్తన్నావేటమ్మా? మనిసి తోడు నేకండా?"

"అవునమ్మా, కొండను చూసి సాయంత్రానికి వచ్చేస్తాను."

"కొండెక్కడికెల్పోద్ది, నిదానంగా సూసుకో," అంటూ కాయను నాలుగు చీలికలు చేసి, మధ్యలో ఉప్పూకారం అద్ది నా చేతిలో పెట్టింది. నీ గురించి అంతకన్నా నమ్మకంగా మాట్లాడినవాళ్ళను నేను చూడలేదు.

బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. ఈ స్టేషన్ల పేర్లు వరసగా తలచుకుంటే చాలు, నాకు చలి వేస్తుంది. బొడ్డవర దాటాక బండి గొంతు మారుతుంది. వేగం తగ్గుతుంది, మలుపు మలుపుకూ వెనక పెట్టెలు కనిపిస్తాయి, కింద వదిలి వచ్చిన పట్టాలు చెట్ల సందున ఒకసారి మెరిసి మాయమవుతాయి. ఇంతలో సొరంగం. చీకటి పడగానే పెట్టె పెట్టెలోనూ కుర్రాళ్ళు కేకలు పెడతారు, ఈలలు వేస్తారు. కొందరు విసుక్కుంటారు గానీ నాకా కేకలు ఇష్టం. ఈ దారి నన్ను ఎక్కించడానికి వేసింది కాదు. బస్తరులోని బైలాడిలా కొండ ఇనుపరాయిని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపాలని 1960లలో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. తూటాలు పేల్చి, గునపాలు వేసి, రాయి మోసి నీ పొట్టను తొలిచినవాళ్ళ పేర్లు ఏ సొరంగం నెత్తినా రాసి లేవు, నంబర్లే ఉన్నాయి. ఆ కుర్రాళ్ళకు తెలియకపోవచ్చు, వాళ్ళ కేకలన్నీ ఆ కూలీలకు జేజేలేనని నేను అనుకుంటాను.

పక్క లైనులో ఖనిజం గూడ్సు దిగుతుంటే మన బండి ఆగి దారి ఇస్తుంది. ముందు ఇంజన్ల హోరు, ఆ వెనక ఎంతసేపటికీ తరగని పెట్టెలు. పట్టాల పక్క కంకరా, పొదల ఆకులూ ఆ ధూళికి ఎర్రబారి ఉంటాయి. ఆ బైలాడిలా కొండ ముక్కలు ముక్కలుగా నీ భుజాల మీదుగా సముద్రానికి వెళుతోంది. ఆ గూడ్సు పోయేదాకా నేను మాట్లాడలేను.

బొర్రా గుహలు స్టేషన్లో సగం బండి ఖాళీ అవుతుంది. నేను దిగను. గుహల్లోకి దిగిన రోజులు వేరే ఉన్నాయి. ఈసారి వాటి మీదుగా వెళ్ళడమే చాలు. పట్టాల కింద రాయి, రాయి కింద ఆ చీకటి మండపం, దాని అడుగున గోస్తని. నీ మీద పడిన వాన మట్టిలోంచి ఇంకుతూ కాస్త పులుపెక్కి, సున్నపురాయిని అణువణువూ కరిగించి, కప్పు నుంచి బొట్టుగా వేలాడి, మోసుకొచ్చిన సున్నాన్ని అక్కడే వదిలి రాలుతుంది. ఆ బొట్లే పైనుంచి దిగే రాతి ఊడలయ్యాయి, కిందనుంచి లేచే స్తంభాలయ్యాయి. జనం వాటిలో శివలింగాన్ని చూసుకున్నారు, పసుపు కుంకుమలు పెట్టారు. బొట్టు రాలడం ఇంకా ఆగలేదు. తల మీద పడితే చల్లగా ఉంటుంది.

శిమిలిగుడలో శాలువా తీయాలి. సముద్రమట్టానికి 996 మీటర్లు. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోనే ఎత్తైనదన్న పేరు ఒకప్పుడు దీనిదే. కాశ్మీరు లైను వచ్చి ఆ పేరు పట్టుకుపోయింది. పోనీ. పొద్దున్న సముద్రపు ఉప్పగాలి పీల్చిన ఊపిరితిత్తులు మధ్యాహ్నం కాకుండానే ఇంత ఎత్తున పొగమంచు పీలుస్తున్నాయి, నాకు ఆ పేరు కన్నా ఇదే గొప్ప.

అక్కణ్ణించి బండి లోయలోకి వాలుతుంది, అరకు తెరుచుకుంటుంది. వలిసెలు! కొండవాలు మీద నుంచి రోడ్డు అంచుదాకా పసుపు. దగ్గరికెళ్ళి ఒక్క పువ్వును చూశాను. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది, ఏడెనిమిది రేకులు, కొస దగ్గర చిన్న నొక్కులు, మధ్య దిమ్మెలో తల దూర్చి కాళ్ళకు పుప్పొడి బూరెలు కట్టుకున్న తేనెటీగ. నేను వంగినా అది తల ఎత్తలేదు. ఫొటోలకు వచ్చినవాళ్ళ దగ్గర రైతులు పదో పాతికో తీసుకుంటున్నారు. తీసుకోవాలి. అది నూనెగింజల పంట. మనం తొక్కిన ప్రతి మొక్కా వాళ్ళ పొలంలో రాలని గింజే.

భోజనం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పచ్చి వెదురు బొంగులో కోడిమాంసం కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద దొర్లిస్తారు. నూనె చుక్క పడదు. బొంగు చీల్చి ఆకులో వంపినప్పుడు వచ్చే ఆవిరిలో మసాలాతో పాటు పచ్చి వెదురు తీపి ఉంటుంది.

మధ్యాహ్నం దిగువకు వెళ్ళే బస్సు పట్టుకుని సుంకరిమెట్ట దగ్గర దిగాను. అసలు గుడి ఇది. సిల్వర్ ఓక్ మానులు నిటారుగా, మానుకో మిరియం తీగ, ఆ నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. కొమ్మ పొడుగునా కణుపు కణుపుకూ కాయలు, ఒకే గుత్తిలో పచ్చవి, పసుపువి, ఎర్రవి. అన్నీ ఒకేసారి పండవు, అందుకే పండినది పండినట్టు చేత్తో ఏరాలి, మళ్ళీ మళ్ళీ రావాలి. ఏరుతున్న అక్క ఓ ఎర్రపండు నా అరచేతిలో వేసి నొక్కమంది. తొక్క చిట్లి, జిగురులో జారుతూ రెండు గింజలు బయటికొచ్చాయి, చదును వైపులు ఒకదానికొకటి ఆనుకుని. నాలుక మీద పెట్టుకుంటే తియ్యన. కాఫీ వాసన జాడైనా లేదు. పొద్దున్నే నా గ్లాసులో పొగలు కక్కే ఆ చేదుకు ముందు ఇంత తీపి ఉందని, ఆ తీపి ఈ అక్క వేళ్ళకే తెలుసని అప్పుడు తెలిసింది. ఆమె గోళ్ళ చుట్టూ జిగురు ఎండి నల్లబడింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఈ వేళ్ళది.

నువ్వు నిలబడి ఉన్నావంటే నీ బిడ్డలు నిలబెట్టుకోబట్టే. నీ కడుపులో కాల్సైటు ఉందని, గాలికొండలో, రక్తకొండలో బాక్సైటు ఉందని తెలిసినవాళ్ళు ఊరుకోలేదు. ఈ అనంతగిరి పల్లెల నుంచి మొదలైన, సమత అనే సంస్థ వేసిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గనుల కోసం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని. గిరిజన ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టం మాట ఇక్కడ చదువు రానివాళ్ళకు కూడా నోటికి వచ్చు. బగత, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, వాల్మీకి, కోందు, ఏ తెగ పండగకు ఎవరు థింసా ఆడినా చేతులు వెనక నుంచి పెనవేసుకునే ఆడతారు. ఆ పెనవేసిన చేతులకూ నా దండం.

పొద్దు వాలుతుండగా విశాఖ బస్సు వచ్చింది. అనంతగిరి, డముకు, మలుపు మీద మలుపు, చెవులు మూసుకుపోయి తెరుచుకుంటున్నాయి. నా పక్క సీటు అమ్మ రెండు అల్లం బస్తాలతో ఎక్కింది, ఎస్.కోట సంతకు. మట్టి ఇంకా తడిగా ఉంది. పోయిన వారం ధర బాగా పడిపోయిందట, ఈసారి ఎలా ఉంటుందోనంది. దిగేటప్పుడు బస్తాకు ఓ కొస నేనూ పట్టాను. భుజం లాగేసింది.

చాపరాయి నీళ్ళ దగ్గర కూర్చోలేదు, కటికి జలపాతం చూడలేదు, గాలికొండ మీద తెల్లవారలేదు. వాటి కోసం మళ్ళీ వస్తాను, అప్పుడు అడగాల్సినవి అప్పుడు అడుగుతాను. ఇవాళ్టికి ఒక్కటే కోరిక. కొండా, ఆ రెండు బస్తాల అల్లానికి రేపు మంచి ధర పలికించు.