చూపే మ్యూజియం, చదివే మ్యూజియం

చెన్నై రాయపురంలో రైలెక్కి, బీచ్ స్టేషన్లో మారి ఎగ్మూరు మ్యూజియంకి వెళ్ళే తెలుగువాళ్ళు ముందుగా ఆగేది అమరావతి శిల్పాల దగ్గరే. ఆగాలి కూడా. అయితే 1851లో ఆ మ్యూజియం మొదలైంది శిల్పాలతో కాదు, మద్రాసు లిటరరీ సొసైటీ ఇచ్చిన రాళ్ళ నమూనాలతో. తర్వాత పేరంతా అమరావతి సున్నపురాతికీ కంచు విగ్రహాలకీ పోయింది. భూగర్భశాస్త్రం ఒక గ్యాలరీలో సర్దుకుంది.

లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ మ్యూజియం అలా కాదు. 1946లో వృక్షశాస్త్రవేత్త సాహ్ని ఆ సంస్థను పెట్టిందే శిలాజాలుగా మారిన మొక్కల అధ్యయనం కోసం. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ వేసిన పునాదిరాయిలో సైతం శిలాజాలే పొదిగారు. వారం తిరిగేసరికి సాహ్ని కన్నుమూశారు.

ఎగ్మూరు గాజు పెట్టెలో రాయి మన కోసం ఉంటుంది. లక్నోలో అది ఇంకా రాని పరిశోధకుడి కోసం కూడా ఉంటుంది. రాతిగా మారిన కొయ్య ముక్కను కోసి, వెలుతురు దూరేంత పలచగా అరగదీసి గాజుపలక మీద అతికిస్తే, మైక్రోస్కోపులో కణాల అమరిక కనబడుతుంది. కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు దానికి ఆధారమైన 'టైప్' నమూనాను నంబరు వేసి దాస్తారు. రేపు ఆ పేరు మీద అనుమానం వస్తే తీర్పు చెప్పాల్సింది ఆ రాయే.

ఇది ఉత్తమాట కాదు. ఏలూరు దగ్గరి గొల్లపల్లి ఆకు ముద్రల రాళ్ళను 1877లోనూ, శ్రీపెరుంబుదూరు వంటి మద్రాసు తీరపు చోట్లవి 1879లోనూ వర్ణించింది జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫైస్ట్‌మాంటెల్. నలభై ఏళ్ళ తర్వాత, 1920లో, కేంబ్రిడ్జి ఆచార్యుడు సీవార్డ్, ఆయన శిష్యుడు సాహ్ని కలిసి భారతదేశపు గోండ్వానా రాతిపొరల్లోని శిలాజ మొక్కలను తిరగదోడారు. సర్వే వాళ్ళు నమూనాలను ఊరి పేర్లతో సహా భద్రపరచకపోతే తిరగదోడడానికి ఏముంటుంది?

పరిశోధన వరకు నా ఓటు లక్నోకే. అయితే బడిపిల్లవాడు పోగలిగింది ఎగ్మూరుకే, దాన్ని తక్కువ చెయ్యలేం. ప్రదర్శనను పరిశోధన అనుకోవడమే పొరపాటు.

కాలేజీ విద్యార్థులకు ఒక మాట: శ్రీపెరుంబుదూరులోనో గొల్లపల్లిలోనో ఆకు ముద్ర పడిన రాయి కంటబడితే ఇంటి అలమరాలో పెట్టుకోకండి. ఏ ఊరు, ఏ పొర, ఏ తేదీ అన్నది రాసి మ్యూజియం చేతికివ్వండి.