అద్దాల పెట్టెలో తప్పెట: మన పిల్లలు, నగరాల మ్యూజియాలు

మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు హాస్టలు పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోవడమంటే ఎక్కువగా మద్రాసుకో హైదరాబాదుకో పోవడమే. తెల్లారుజామున మెట్ట పల్లెలు దాటి బస్సు నెల్లూరు చేరేసరికే సగంమందికి వాంతులయి ఉంటాయి. మద్రాసులో సముద్రం, జూ, మ్యూజియం. హైదరాబాదులో చార్మినారు, జూ, సాలార్‌జంగ్ మ్యూజియం. తిరిగొచ్చాక సముద్రం గురించి పిల్లలు నెల రోజులు చెప్పుకుంటారు. పులి గురించి వారం రోజులు చెప్పుకుంటారు. మ్యూజియం ఎట్టా ఉందిరా అంటే "చానా పెద్దది సార్" అంటారు. అంతే. గంటలకొద్దీ చూసొచ్చి ఒక్క మాటతో సరిపెడతారు.

"వెనకబడిన ప్రాంతం పిల్లలు, వాళ్ళకేం తెలుస్తుంది" అని టీచర్లు సర్దిచెప్పుకుంటారు. నేనూ చాలాకాలం అట్నే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. మ్యూజియం మన పిల్లలకు బాగానే అర్థమవుతోంది. ఇక్కడ ఉన్నదేదీ మీది కాదు, మీరు చూసి పోవాల్సినవాళ్ళు అని అది చెబుతోంది. ఆ మాట విన్న పిల్లలు నోరు మెదపకపోవడంలో వింతేముంది?

కొన్నేళ్ళ కింద ఒక నగర మ్యూజియంలో జరిగిన సంగతి చెబుతాను. అది సంగీత వాయిద్యాల గది. వీణ కింద అది ఏ కర్రతో చేసిందో, ఏ కాలానిదో, ఏ పెద్దింటి నుంచి వచ్చిందో వివరంగా రాసి ఉంది. మృదంగానికీ అంతే. చివర్న మూలగా ఒక తప్పెట. దాని కింద "జానపద చర్మవాద్యం" అని రెండే మాటలు. మా పిల్లల్లో ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి "రేయ్, మీ నాయన కొట్టేదిరా" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ పిల్లవాడి తండ్రి నిజంగానే ఊళ్ళో తప్పెట కొడతాడు. చావుకూ జాతరకూ ఆయన్నే పిలుస్తారు. పిల్లవాడు మాత్రం ఆ పెట్టె వైపు చూడకుండా నా దగ్గరికొచ్చి "మా ఇంట్లో అట్టాంటిది లేదు సార్" అన్నాడు. నేను అడగనే లేదు. ఎవరూ అడగకుండానే తన ఇంటిని కాదనుకున్నాడు. అప్పుడు నేనేం చేశాను? "పదండి పదండి, టైమవుతోంది" అంటూ పక్క గదికి తోలుకుపోయాను. ఈ వ్యాసం రాయడానికి ఆ పిల్లవాడి మాట ఎంత కారణమో, నా మాటా అంతే కారణం.

తప్పెటకు మ్యూజియంలో చోటు లేదని కాదు నా ఫిర్యాదు. చోటు ఉంది. చరిత్రే లేదు. "జానపదం" అనే మాట అక్కడ ఏం పని చేస్తోందో గమనించాలి. అది కులాన్ని తుడిచేస్తోంది. ఆ తోలు ఊనిందెవరు, బిగించిందెవరు, ఎవరి చావుకు ఎవరు కొట్టాలి, కొట్టమంటే ఏమయ్యేది, ఇవన్నీ ఆ ఒక్క మాట కింద సమాధి అయిపోతున్నాయి. వీణకు చరిత్ర, తప్పెటకు జానపదం. జనాన్ని ఇట్లా రెండుగా విడగొట్టడం బ్రాహ్మణీయ జ్ఞానానికి కొత్తేమీ కాదు. తప్పెటకు రాయదగ్గ చరిత్ర లేకనా? వెట్టి చరిత్ర ఉంది. ఇక కొట్టం పొమ్మని ఎదురుతిరిగిన పల్లెల చరిత్ర ఉంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ ఉద్యమం దండోరా అన్న మాటనే తన పేరు చేసుకుంది. ఏ పని చేయించి మనుషుల్ని తక్కువ చేశారో ఆ పని పేరుతోనే జనం వీధుల్లోకొచ్చి హక్కులడిగారు. ఇంత చరిత్ర ఉన్న వస్తువుకు రెండు మాటలు రాసి ఊరుకోవడాన్ని పొరపాటు అనలేం. అది అలవాటు.

ఈ అలవాటు ఎక్కడిదో తెలియాలంటే మ్యూజియాల పుట్టుక చూడాలి. నెల్లూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి మనకు పాత చుట్టరికం ఎగ్మూరు మ్యూజియంతోనే. అది 1851లో మొదలైంది. మద్రాసు సామాన్య జనం దాన్ని "సెత్త కాలేజి" అనేవాళ్ళు, అంటే చచ్చినవాటి కాలేజి. జూని "ఉయిర్ కాలేజి", ప్రాణమున్నవాటి కాలేజి అన్నారు. కాలేజీ గడప తొక్కే వీలు లేని జనం పెట్టిన పేర్లివి. ఎగతాళి ఉంది, నిజమూ ఉంది.

1885 నుంచి 1908 దాకా ఆ మ్యూజియానికి సూపరింటెండెంటుగా ఉన్నవాడు ఎడ్గార్ థర్‌స్టన్. పరయల నుంచి బ్రాహ్మల దాకా ఎన్నో కులాలవాళ్ళ తలలు, ముక్కులు కొలిపించి లెక్కలు రాశాడు. ముక్కు పొడవు వెడల్పులను బట్టి కులాల ఎక్కువ తక్కువలు తేల్చవచ్చన్నది ఆనాటి దొరల శాస్త్రం. 1909లో వచ్చిన ఆయన ఏడు సంపుటాల కులాలు, తెగల గ్రంథాన్ని మన పరిశోధకులు ఇవాళ్టికీ తిరగేస్తూనే ఉన్నారు. అంటే మన ముత్తాతల తరంవాళ్ళు మ్యూజియం కంటికి ఆనింది చూడ్డానికి వచ్చిన మనుషులుగా కంటే కొలతలకు పనికొచ్చే సరుకుగానే ఎక్కువ. మనల్ని కొలిచిన ఇంటికి మన పిల్లల్ని తీసుకుపోతున్నామన్న ఎరుక టీచరుకైనా ఉండాలి.

ఈ ఎరుక ఉంటే అదే మ్యూజియంలో మన పిల్లలకు చూపించాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది ఉదయగిరిదే. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఉదయగిరి దుర్గాన్ని ఏడాది పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. కొండమీది బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. దెబ్బతిన్న ఆ విగ్రహం తర్వాత మద్రాసు మ్యూజియం చేరింది. రోజూ ఉదయగిరి కొండను చూస్తూ పెరిగే పిల్లలు చెన్నై దాకా పోయి, తమ కొండమీది రాతిని తమదని తెలియకుండానే దాటుకొని వస్తున్నారు. దాని ముందు నిలబెట్టి చెప్పాలి. రాజు గెలిస్తే దేవుడు కూడా ఊరు మారాల్సిందేనని చెప్పాలి. తెచ్చిన రాజు పేరు శాసనానికెక్కింది. అంత ఎత్తు కొండమీద నుంచి దాన్ని దించినవాళ్ళ పేర్లు ఎక్కలేదు. ప్రతిష్ఠ అయ్యాక వాళ్ళలో ఎంతమందిని ఆ గుడి లోపలికి రానిచ్చి ఉంటారో పిల్లల్నే ఆలోచించమనాలి.

రెండోది అమరావతి. పిల్లలకు ఆ శిల్పాలను శాతవాహనుల కళ అని చెప్పి ముగిస్తాం. కానీ అమరావతి శాసనాల్లో ఒక దాత విధికుడు అనే చర్మకారుడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను స్తూపానికి ఇచ్చానని తన పేరు, తన పని చెప్పి మరీ రాయించుకున్నాడు. తోలుపని చేసేవాడి తండ్రి ఉపాధ్యాయుడు! ఆనాటి చర్మకారుడూ ఇవాళ్టి మాదిగా ఒకటేనని తొందరపడి అనను. రెండువేల ఏళ్ళ దూరంలో కులం ఎట్లా గట్టిపడిందో పరిశోధన తేల్చాల్సిన విషయం. అయినా తోలుపని చెప్పుకోవడానికి సిగ్గుపడని ఒక మనిషి, ఆ సొమ్మును పుచ్చుకోవడానికి జంకని ఒక మతం ఈ నేలమీద ఉన్నాయన్నది మాత్రం రాతిమీద రాత. "మా ఇంట్లో అట్టాంటిది లేదు సార్" అన్న పిల్లవాడికి నేను చెప్పాల్సింది ఈ విధికుడి సంగతి. చెప్పలేకపోయాను. అప్పటికి నాకే తెలీదు.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ అయింది. పిల్లలు గడియారం ముందు కూచుని బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కాను చూసి "రాతిలో గుడ్డ ఎట్టా వచ్చింది సార్" అంటారు. ఆ ఆశ్చర్యాన్ని చెడగొట్టమని నేననను. పనితనాన్ని చూసి ఆశ్చర్యపడడం పనివాళ్ళ పిల్లల హక్కు. అయితే ఇవన్నీ సాలార్‌జంగుల అభిరుచి అని చెప్పి ఆగిపోవద్దు. అభిరుచికి డబ్బు కావాలి. ఆ డబ్బు జాగీరు నుంచి వచ్చింది. జాగీర్లకు ఆదాయం సేద్యం నుంచి వచ్చింది. నిజాం రాజ్యంలో వెట్టి ఎట్లా సాగిందో, చెప్పులూ తోలు సామానూ ఎట్లా ఉత్తపుణ్యానికి కుట్టించుకున్నారో తెలంగాణ పోరాట చరిత్రల్లో ఉంది. మ్యూజియం గోడమీద లేదు.

మన అభ్యుదయ విమర్శ ఈ మాట ఎప్పుడో చెప్పింది కదా అంటారు. చెప్పింది, సగమే చెప్పింది. రాజుల వెనక శ్రమజీవి ఉన్నాడంది. ఆ శ్రమజీవి కులం ఏమిటని అడగలేదు. కూలి దొరికిందా లేదా అన్నది ఒక ప్రశ్న. చేసిన వస్తువును చేసినవాడే మళ్ళీ ముట్టుకోవచ్చా అన్నది ఇంకో ప్రశ్న. కపిల బావికి తోలు తొండం కుట్టి ఇచ్చిన మాదిగ, ఆ తొండంతో పైకొచ్చిన నీళ్ళను దోసిట్లో పోయించుకొని తాగాల్సి వచ్చింది. ఇది కూలి లెక్కకు అందే విషయం కాదు.

ఈ సంగతులన్నీ మనసులో పెట్టుకొని తర్వాతి ఏడాది యాత్రకు ముందు పిల్లలతో ఒక పని చేయించాం. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక పాత వస్తువు తేవాలి. దానికి నాలుగు ప్రశ్నలు రాయాలి. ఎవరు చేశారు? ఎవరు వాడారు? డబ్బు ఎవరికి పోయింది? ఎవర్ని ముట్టుకోనివ్వలేదు? కొడవలి వచ్చింది, పలుపు వచ్చింది, చేట వచ్చింది. ఉదయగిరి ముస్లిం ఇంటి పిల్ల వాళ్ళమ్మ చెక్కిన కొయ్య గరిటె తెచ్చింది. ఒకడు టీ అంగడి గాజుగ్లాసు తెచ్చి "మా తాతకు వేరే పెట్టిండేది ఇట్టాంటిదే సార్" అన్నాడు. నాలుగో ప్రశ్నకు అందరికంటే పెద్ద జవాబు వాడే రాశాడు. మొన్నమొన్నటిదాకా మన పల్లెల్లో నడిచిన రెండు గ్లాసుల పద్ధతికి సాక్ష్యంగా ఒక్క గ్లాసైనా ఏ మ్యూజియంలోనన్నా చూశామా?

అన్నీ సజావుగా జరగలేదు. ఒక తల్లి హాస్టలుకొచ్చి నిలదీసింది. "మేం వదిలించుకున్న దరిద్రాన్ని మళ్ళా నా బిడ్డ చేత పట్టించి నలుగురికీ చూపిస్తారా సార్?" అంది. ఆమెకు జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. ఆమె మాటలో న్యాయం ఉంది. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని చెప్పింది కూడా ఇట్లా వదిలించుకొమ్మనే. వదిలేయడమూ పోరాటమే. మనం నెత్తిన పెట్టుకోవాలనుకునే వస్తువు ఆమెకు అవమానం కావచ్చు. వద్దన్న ఇంటి వస్తువు పెట్టలేదు. ఆ చోటు ఖాళీగా వదిలి "ఈ ఇంటివాళ్ళు ఈ పని మానేశారు" అని పిల్లలే చీటీ రాసి అంటించారు.

ఆ ఏడాది మ్యూజియంలో పిల్లలు మౌనంగా లేరు. ప్రతి పెట్టె దగ్గరా "ఎవురు చేసినారు సార్?" అని అడిగారు. చాలావాటికి నా దగ్గర జవాబు లేదు, చీటీమీదా లేదు. లేదన్న సంగతి పిల్లలకు తెలియడమే ఆ రోజు చదువు.

మ్యూజియం ఇట్లా ఉండనక్కర్లేదని చూపించినవాళ్ళు లోకంలో ఉన్నారు. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో తెల్ల ప్రభుత్వం జనాన్ని వెళ్ళగొట్టి కూల్చేసిన పేట పేరుతో 1994లో డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం తెరిచారు. నేలమీద ఆ పేట పటం పరిచారు. తమ ఇల్లు ఎక్కడుండేదో వెళ్ళగొట్టబడ్డవాళ్ళే వచ్చి రాశారు. వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన నల్లజాతి చరిత్ర మ్యూజియంలో, 1955లో తెల్లవాళ్ళు చంపిన పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్ శవపేటిక ఉంది. మనకు చుండూరులో 1991 హతుల్ని పూడ్చిన రక్తక్షేత్రం ఉంది. కప్పులేని మ్యూజియం అది. విజయవాడలో 2024లో ప్రారంభించిన అంబేద్కర్ స్మృతివనానికి మన పిల్లల్ని తప్పక తీసుకుపోవాలి. అయితే ఒక్క మహనీయుడి జీవితం చూసి వచ్చినంతమాత్రాన తమ ఇంటి గడపకు చరిత్ర ఉందని పిల్లలకు తెలిసిరాదు.

ఆ గడపలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. ఉదయగిరి నుంచి కావలికి పోయే దోవలో కలిగిరి మండలం దూబగుంట ఉంది. 1992లో అక్కడి ఆడవాళ్ళు, అక్షరదీపం చదువులోని సీతమ్మ కథ చదువుకొని సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒక వాచకం ప్రభుత్వం మెడలు వంచిన ఊరు అది. విహారయాత్ర బస్సు అక్కడ గంటసేపు ఆగితే తప్పేముంది?

పిల్లల్ని నగర మ్యూజియాలకు తీసుకుపోవద్దని నేను అనడం లేదు. అది మన పన్ను డబ్బుతో నడిచే ఇల్లు. అందులో మన తాతల పనితనం ఉంది. పోవాలి. అయితే అతిథుల్లాగా కాదు, లెక్క అడిగేవాళ్ళలాగా పోవాలి. అందుకు టీచర్లు ముందు సిద్ధం కావాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన పరిశోధక మిత్రులు ఒక్కొక్క మ్యూజియానికి పిల్లల కోసం పది పేజీల పుస్తకం రాసి ఇవ్వాలి. మన వస్తువుల కింద ఏం రాయాలో మనమే రాసి మ్యూజియాలకు పంపాలి. ఆ తప్పెట పిల్లవాడు ఆ ఏడాదే వేరే హాస్టలుకు మారిపోయాడు. వాడికి నేను బాకీ. అట్లా బాకీపడ్డ టీచర్లు ఇంకా చాలామందే ఉంటారు. వాళ్ళంతా తమ అనుభవాలు రాస్తే ఈ చర్చ ముందుకు పోతుంది.