గ్రీన్ లైటు వెలుగుతోంది కదా!

ఫ్యాను ఆగితే చెమట చెబుతుంది, లైటు పోతే చీకటి చెబుతుంది. ఫాల్స్ సీలింగులో మైకు స్పీకరు పోతే చెప్పేదెవరు? రోజంతా అది మౌనంగానే ఉంటుంది కనుక, నిప్పంటుకుని అందర్నీ బయటికి రమ్మనాల్సిన నాడు గానీ ఆ అంతస్తు మూగదని తెలియదు.

అందుకే మంచి అత్యవసర ప్రకటన వ్యవస్థలు మాట్లాడనప్పుడు కూడా లైన్లను తడుముతూ ఉంటాయి. ఈఎన్ 54-16 అనే యూరప్ ప్రమాణమైతే లైను తెగినా, షార్టయినా 100 సెకన్లలోపు ప్యానెల్ మీద కనబడాలంటుంది.

ఒక పద్ధతి లైను ఇంపెడెన్స్, అంటే ఏసీకి అది చూపే నిరోధం, కొలవడం. (మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి చూస్తే కుదరదు; అది స్పీకరుకున్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టనే కొలుస్తుంది.) 100 వోల్టుల లైను మీద 6 వాట్ల స్పీకర్లు 20 ఉంటే మొత్తం 120 వాట్లు, సుమారు 83 ఓములు. అందులో ఒకటి ఊడితే 88 దగ్గరికి చేరుతుంది. పెరిగింది నాలుగున్నర ఓములు కూడా కాదు! హద్దు బిగించి పెడితే, ఎవరో గదిలో గోడమీది వాల్యూమ్ నాబ్ తిప్పినా బజర్ మోగుతుంది. వదులుగా పెడితే ఊడిన స్పీకరు తప్పించుకుంటుంది. మాటిమాటికీ మోగితే విసుగెత్తిన ఆపరేటరు బజర్ నోరు నొక్కేస్తాడు. అతణ్ని తప్పుపట్టను, ఆ హద్దు పెట్టినవాళ్లను అడగాలి.

నాకు ఇష్టమైనది రెండో పద్ధతి. యాంప్లిఫయర్ 20 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో, పెద్దల చెవికి అందని స్వరం పంపుతుంది. లైను చివరి స్పీకరు దగ్గరున్న చిన్న పరికరం అది అందిందో లేదో తిరిగి తెలియజేస్తుంది. కానీ వైరు ఒక స్పీకరు నుంచి ఇంకో స్పీకరుకు వరసగా సాగాలి. మన ఎలక్ట్రీషియన్లకు మధ్యలో కొమ్మ తీయడం మహా ఇష్టం. ఆ కొమ్మ తెగినా చివరి పరికరానికి స్వరం నిక్షేపంగా చేరుతుంది, ప్యానెల్ మీద గ్రీన్ వెలుగుతూనే ఉంటుంది.

చినిగిన కోన్ సంగతి ఏ పద్ధతికీ సరిగా దొరకదు. మైకు దగ్గర ఒకరిని అంకెలు చదవమని కూర్చోబెట్టి, అంతస్తులన్నీ నడవాల్సిందే. బాత్‌రూముల దగ్గరా, లిఫ్ట్ లాబీల్లోనూ ఆగి వినమంటాను. ఎవరూ వెళ్లి చూడనివి ఆ స్పీకర్లే.